తుంటిలో సున్నం: చిన్న కోతకు ముందు అడగాల్సిన లెక్క

డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి, తుంటి ఎముక పక్కనున్న తెల్లటి మచ్చను వేలితో చూపి, ‘ఇదిగో, ఇక్కడ కాల్షియం పేరుకుంది’ అంటారు. ఆ సాయంత్రానికే రోగి ఇంట్లో నిర్ణయాలన్నీ అయిపోతాయి. పాలు మానేస్తారు. కాల్షియం మాత్రల సీసా అటకెక్కుతుంది. తాంబూలం అలవాటున్న పెద్దావిడైతే సున్నం డబ్బీ దూరంగా పెట్టేస్తుంది. పక్కింటివాళ్లు కిడ్నీలో రాళ్లతో పోల్చి అరటిదూట రసం తాగమంటారు. వీటిలో ఏదీ ఆ మచ్చను కదిలించదు. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంటుంది. తిన్న సున్నం తుంటికి చేరడం కాదిది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీ ఒకటుంటుంది, దాన్నే డాక్టర్లు టెండన్ అంటారు. అందులోని కణాలు తమ స్వభావం మార్చుకుని అక్కడే ఖనిజాన్ని పోగుచేస్తాయి. ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్. మన ఎముకలకూ పళ్లకూ గట్టిదనం ఇచ్చేది అదే.

ఈ జబ్బుకు సొంతూరు భుజం. తుంటి దాని రెండో ఇల్లు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు పరుపుకు ఆనే ఎముక బొడిపె ఉంది కదా, అక్కడ అతుక్కునే గ్లూటియస్ మీడియస్ టెండన్‌లో ఇది కనిపిస్తుంది. గజ్జకు కాస్త పైన, తొడ ముందు కండరం రెక్టస్ ఫెమోరిస్ మొదలయ్యే చోటా కనిపిస్తుంది. అరుదుగా పిరుదు పెద్ద కండరం తొడ ఎముకను పట్టుకునే చోట కూడా. ఎక్కువగా నడివయసు వాళ్లకు వస్తుంది.

ఈ సున్నాన్ని సెంటీమీటరు చుట్టుపక్కల ఉండే రెండు మూడు గాట్లతో, లోపలికి కెమెరా పంపి, టీవీ తెర మీద చూస్తూ తీసేయగల విద్య ఇవాళ ఉంది. అవసరమైనవాళ్లకు అది వరమే. కానీ గాటు చిన్నదైతే నిర్ణయం కూడా చిన్నదైపోదు. ఎవరికి చేయాలి, ఎప్పుడు చేయాలి, చేసిన ఏడాదికి ఆ మనిషి ఎలా ఉన్నాడు అన్న లెక్క ఈ విద్య వెంట రాలేదు. ఆ లెక్క రావాలి.

నొప్పి సంగతి ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ జబ్బులో నొప్పి చెప్పే కథ తలకిందులుగా ఉంటుంది. కెనడాలోని ఒట్టావాలో పనిచేసిన ఎముకల వైద్యుడు హన్స్ ఉథాఫ్, భుజం టెండన్లలో సున్నం ఏ వరుసలో పుట్టి, ఏ వరుసలో పోతుందో దశలవారీగా వివరించాడు. మొదట టెండన్‌లో కొంత భాగం మృదులాస్థిలా మారుతుంది. తర్వాత అక్కడ సున్నం చేరుతుంది. ఆ దశలో అది సుద్దముక్కలా పొడిగా, గట్టిగా ఉంటుంది. నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉండొచ్చు. నొప్పి ఓ మోస్తరుగా ఉంటుంది, అసలు లేకపోవచ్చు కూడా. ఆ తర్వాత ఒకనాడు శరీరం దాన్ని కనిపెడుతుంది. చుట్టూ కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, కణాలు వచ్చి సున్నాన్ని తినేయడం మొదలుపెడతాయి. గట్టి సుద్ద కాస్తా తమలపాకుకు రాసే తడి సున్నంలా మెత్తబడి ఉబ్బుతుంది. మనిషిని మంచానికి కట్టేసే నొప్పి వచ్చేది అప్పుడే. రాత్రి మామూలుగా పడుకున్న మనిషి తెల్లవారుజామున పక్కకు ఒత్తిగిలలేక కేక పెడతాడు. బాత్‌రూమ్‌కు వెళ్లాలన్నా ఇద్దరు పట్టుకోవాలి.

అంటే నొప్పి పతాకస్థాయికి చేరే రోజులు, చాలామందిలో, జబ్బు పోవడం మొదలైన రోజులు. ఈ ఒక్క సంగతి తెలియక ఇల్లంతా హడలిపోతుంది. ఆ హడలులో, రేపే ఆపరేషన్ అంటే సరేనని సంతకం పెట్టేస్తారు. మాత్రలు, విశ్రాంతి, అవసరమైతే ఒక ఇంజెక్షన్‌తో కొద్ది వారాల్లో తగ్గుముఖం పట్టే అవకాశం ఉన్న నొప్పి అది.

మచ్చ కనిపించినంత మాత్రాన నొప్పికి కారణం అదేనని కూడా చెప్పలేం. న్యూయార్క్‌లో బాస్‌వర్త్ అనే వైద్యుడు ఒక బీమా కంపెనీ ఉద్యోగుల్లో ఆరు వేల మందికి పైగా మనుషుల భుజాలను పరీక్షించి 1941లో ఫలితం ప్రచురించాడు. వాళ్లలో 2.7 శాతం మందికి భుజంలో సున్నం ఉంది. వాళ్లంతా తమ మానాన తాము ఆఫీసుకు వచ్చి పనిచేసుకుంటున్నవాళ్లే. చాలామందికి తమలో అలాంటిది ఉందనే తెలియదు.

దీనికి మరోవైపు కూడా ఉంది, అదీ అంతే బాధ కలిగించేది. అసలు జబ్బే పట్టుబడక ఏళ్లు గడిపేవాళ్లు. తుంటి పక్కన మొదలై తొడ మీదుగా మోకాలిదాకా పాకే నొప్పిని మన దగ్గర చాలా తేలిగ్గా సయాటికా అనేస్తారు. నడుముకు ఎమ్మారై తీస్తారు. నలభై దాటిన నడుములో ఏదో ఒక డిస్కు కాస్త జరిగి కనిపించడం మామూలే కాబట్టి ‘నరం నొక్కుకుంది’ అన్న మాట ఖాయమైపోతుంది. నెలల తరబడి నడుముకు ట్రాక్షన్, బెల్టు, మాత్రలు. తుంటిని ఎవరూ వేలితో నొక్కి కూడా చూడరు. ఆడవాళ్ల విషయంలో ఇంకో మాట సిద్ధంగా ఉంటుంది: వయసు. ఎడమ పక్కకు తిరిగి నిద్రపోయి మూడేళ్లయిందని చెప్పే మనిషికి వయసు అని జవాబు చెప్పడం వైద్యం కాదు.

పొరపాటు రెండో దిక్కుకూ పోతుంది. సున్నం కరిగే దశలో కొందరికి జ్వరం వస్తుంది, రక్తపరీక్షలో వాపు గుర్తులైన ఈఎస్ఆర్, సీఆర్‌పీ పెరుగుతాయి. కీలులో చీము పట్టిందేమోనన్న అనుమానం వస్తుంది. చీము నిజంగా పడితే గంటలు కూడా విలువైనవే కనుక జ్వరంతో పాటు తుంటి కదపలేని రోగి అదే రోజు ఆసుపత్రికి పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఎమ్మారైలో చిక్కు మరోరకం. అందులో సున్నం నల్లగా, సులువుగా తప్పిపోయేలా కనిపిస్తుంది. దాని చుట్టూ ఉన్న వాపు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్కనున్న ఎముక కాస్త కొరుక్కుపోయి కూడా ఉంటే కణితి అనుకుంటారు. అలా క్యాన్సర్ అనుమానంతో ముక్క తీసి పరీక్షకు పంపాక, చివరికి సున్నమేనని తేలిన రోగుల కథలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వేల రూపాయల స్కానింగ్‌కు ముందు కొన్ని వందల రూపాయల మామూలు ఎక్స్‌రేను శ్రద్ధగా చూస్తే ఆ కుటుంబాలకు ఆ నిద్రలేని రాత్రులు తప్పేవి.

జబ్బు ఇదేనని తేలాక ఏం చేయాలి? మొదటి మెట్టు మాత్రలు, విశ్రాంతి, ఫిజియోథెరపీ. ఫిజియోథెరపీ అనగానే మనవాళ్లు పెదవి విరుస్తారు. దీపం కింద పావుగంట పడుకోబెట్టి, కరెంటు పెట్టి పంపేయడమే ఫిజియో అనుకోవడం వల్ల వచ్చిన చులకన అది. ఆస్ట్రేలియాలో 204 మంది రోగులతో చేసి 2018లో ప్రచురించిన ఒక పరీక్ష వాళ్లు తెలుసుకోవాలి. తుంటి పక్క టెండన్ నొప్పి ఉన్నవాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు వ్యాయామం నేర్పి, ఎలా కూర్చోవాలో, ఎలా నిలబడాలో చెప్పారు. రెండో గుంపుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్. మూడో గుంపును వేచి చూడమన్నారు. ఎనిమిది వారాలకు బాగా మెరుగయ్యామన్నవాళ్లు మొదటి గుంపులో 77 శాతం, రెండో గుంపులో 58, మూడో గుంపులో 29. ఏడాదికి కూడా మొదటి గుంపుదే పైచేయి. ఇది ప్రత్యేకంగా సున్నం ఉన్నవాళ్ల మీద చేసిన పరీక్ష కాదు. కానీ అదే టెండన్, అదే చోటు.

ఆ పరీక్షలో మొదటి గుంపుకు చెప్పిన జాగ్రత్తలు మన ఇళ్లకు మరింత వర్తిస్తాయి. కాలు మీద కాలు వేసుకుని కూర్చోవద్దు. ఒక తుంటిని పక్కకు వాల్చి ఒంటికాలి మీద బరువు వేసి నిలబడవద్దు. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. చంకన బిడ్డను ఎత్తుకుని పొయ్యి ముందు నిలబడే తల్లి, నడుం మీద బిందె మోసే మనిషి, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఇళ్లలో గంటల తరబడి నేల మీద కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు... వీళ్ల తుంటి రోజూ ఏం మోస్తోందో అడగకుండా రాసిన మందుచీటీ సగం చీటీయే.

రెండో మెట్టు సూది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సున్నం ముద్దలోకి సూది దింపి, సెలైన్ ఎక్కించి కడిగి, పాల చుక్కల్లా తెల్లగా వచ్చేదాన్ని వెనక్కి లాగుతారు. మెత్తబడిన దశలో ఇది బాగా కుదురుతుంది. పూర్తి మత్తు అక్కర్లేదు, అదే రోజు ఇంటికి పోవచ్చు. షాక్‌వేవ్ మరో దారి. కిడ్నీ రాళ్లను బయటి నుంచే పగలగొట్టడానికి 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి మనిషి మీద వాడిన పద్ధతి ఎముకల వైద్యంలోకి వచ్చి స్థిరపడింది. భుజం సున్నం ఉన్న 144 మంది మీద చేసి 2003లో ప్రచురించిన పరీక్షలో షాక్‌వేవ్ ఉత్తుత్తి చికిత్స కంటే మెరుగ్గా పనిచేసింది. సూది విషయంలో మాత్రం నార్వే, స్వీడన్ వైద్యులు 2023లో అందరినీ ఆలోచనలో పడేశారు. 220 మంది భుజం రోగుల్లో కొందరికి నిజంగా కడిగి స్టెరాయిడ్ ఇచ్చారు, కొందరికి కడిగినట్టు నటించి స్టెరాయిడ్ ఇచ్చారు, ఇంకొందరికి కడిగినట్టు నటించి తిమ్మిరి మందు మాత్రమే ఇచ్చారు. నాలుగు నెలలకు చూస్తే మూడు గుంపులూ ఇంచుమించు ఒకే చోట ఉన్నాయి.

ఇవన్నీ భుజం లెక్కలు. తుంటి సున్నం గురించి అంత పెద్ద పరీక్షలు లేవు. ఉన్నవి ఎక్కువగా ఒక్కో రోగి కథ, లేదా కొద్దిమంది రోగుల అనుభవం. తుంటి ప్రతిసారీ భుజం నుంచి సాక్ష్యం అరువు తెచ్చుకుంటోంది.

ఇక కీహోల్ ఆపరేషన్, డాక్టర్ల మాటలో ఆర్థ్రోస్కోపీ. తుంటి లోపలికి కెమెరా పంపడం చాలాకాలం అసాధ్యం అనుకున్నారు. మోకాలు చర్మం కిందే ఉంటుంది, తుంటి మాత్రం లావాటి కండరాల కింద, లోతైన గిన్నెలో బంతిలా బిగుసుకుని ఉంటుంది. టోక్యోలో కెంజి తకాగి 1918లో మోకాలి లోపలికి తొంగిచూస్తే, న్యూయార్క్‌లో మైకేల్ బర్మన్ 1931లో మృతదేహాల తుంట్లలోకి గొట్టం పంపి చూశాడు. గిన్నెకూ బంతికీ నడుమ పరికరం దూరడం అయ్యేపని కాదనుకున్నాడు. కాలును యంత్రంతో లాగిపెట్టి కీలును సెంటీమీటరు మేర విడదీసే పద్ధతులు కుదిరి, తుంటి ఆర్థ్రోస్కోపీ చేతికి అందిన విద్యగా మారడానికి 1980ల దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు గ్లూటియస్ మీడియస్ సున్నానికి కీలు లోపలికి కూడా పోనక్కర్లేదు. తుంటి బొడిపె చుట్టూ ఉన్న ఖాళీలోకి కెమెరా పంపుతారు. సెలైన్ నీటితో ఆ చోటును ఉబ్బించి, ఆపరేషన్ థియేటర్‌లోని ఎక్స్‌రే సాయంతో సున్నం ఎక్కడుందో గురి చూసుకుంటారు. టెండన్ పోగులు ఏ దిక్కుకు సాగుతున్నాయో ఆ వెంబడే సన్నగా చీరుతారు. చీరగానే తెర మీద తెల్లటి పొడి మంచు రేగినట్టు లేస్తుంది. దాన్ని పీల్చి, గోకి, కడిగేస్తారు. టెండన్‌లో పెద్ద గొయ్యి మిగిలితే ఎముకలో చిన్న మేకు లాంటిది దిగ్గొట్టి దారంతో కుట్టేస్తారు. వెనకటి రోజుల్లో ఇదే పనికి తుంటి పక్కన జానెడు కోత పెట్టి, మంచి కండరాన్ని కూడా చీల్చుకుంటూ పోవాల్సి వచ్చేది. అరచేతిలో ఇమిడే మూడు మచ్చలతో ఆ పని ముగియడం చేయితిరిగిన సర్జన్ల సాధన ఫలం. ఏళ్ల తరబడి పక్కకు తిరిగి పడుకోలేని మనిషి ఆ రాత్రుల నుంచి బయటపడితే అది చిన్న విషయం కాదు.

అయితే తుంటి ముందువైపు, రెక్టస్ ఫెమోరిస్ దగ్గర పని అంత తేలిక కాదు. అక్కడికి కొద్ది దూరంలోనే తొడ నరం, రక్తనాళాలు ఉంటాయి. కీలును లాగిపెట్టాల్సి వస్తే ఆ లాగుడుకు మర్మావయవాల దగ్గరి నరం నలిగి కొన్నాళ్లు తిమ్మిరి రావచ్చు. తొడ బయటివైపు స్పర్శ తగ్గొచ్చు. పంపు చేసిన నీరు అరుదుగా పొట్టలోకి జారుతుంది. సున్నం తీసిన చోటే ఎముక లాంటిది కొత్తగా మొలవడమూ ఉంది. ఊతకర్రలతో కొన్ని వారాలు, పూర్తిగా కోలుకోవడానికి నెలలు. నరం తిమ్మిరి లాంటి ఇబ్బందులు అందరికీ రావు. కానీ సంతకం పెట్టే కాగితంలో చిన్న అక్షరాల్లో కాకుండా, రోగికి అర్థమయ్యే తెలుగులో ముందే చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత బాగుంది అన్న మాట ఒక్కటే సరిపోదని అనుభవం చెబుతోంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది అరిగిన మోకాళ్ల రోగుల్లో కొందరికి నిజమైన ఆర్థ్రోస్కోపీ చేసి, కొందరికి పై చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టారు. 2002లో ఫలితం వచ్చింది: నొప్పి తగ్గడంలో తేడా లేదు. బ్రిటన్‌లో భుజం ఎముకను చెక్కే ఆపరేషన్‌ను 313 మందితో పరీక్షించారు. లోపల చూసి ఊరుకున్నవాళ్లకూ, చెక్కినవాళ్లకూ తేడా కనిపించలేదు. ఆ ఆపరేషన్లను ఏళ్ల తరబడి మనస్ఫూర్తిగా నమ్మి చేసినవాళ్లు మంచి సర్జన్లే. రోగులు బాగుపడటం వాళ్లు కళ్లారా చూశారు. కాలం గడిచి తగ్గిన నొప్పినీ, కత్తి తగ్గించిన నొప్పినీ విడదీసే లెక్క లేకపోవడమే లోపం. తనంతట తానే కరిగిపోయే గుణం ఉన్న సున్నం విషయంలో ఆ లెక్క ఇంకా అవసరం.

విచిత్రం ఏమిటంటే ఆ లెక్క అడిగిన తొలి మనుషుల్లో ఒకడు ఈ సున్నం సంగతి అందరికంటే బాగా తెలిసినవాడే. ఎర్నెస్ట్ ఎమరీ కాడ్‌మన్, బోస్టన్ సర్జన్. భుజంలో సున్నం టెండన్ పైనున్న సంచిలో కాదు, టెండన్ లోపలే ఉంటుందని గట్టిగా చెప్పినవాడు. భుజం మీద 1934లో ఆయన వెలువరించిన ‘ది షోల్డర్’ పుస్తకంలో టెండన్ సున్నానికి ఒక అధ్యాయమే ఉంది. కానీ ఆయనకు తిట్లు తెచ్చిపెట్టింది భుజం కాదు, ఒక కార్డు. ప్రతి రోగికీ ఒక కార్డు ఉండాలని, ఏం జబ్బు అనుకున్నాం, ఏం చేశాం, ఏడాది తర్వాత ఎలా ఉన్నాడు, బాగుపడకపోతే తప్పు ఎవరిది అన్నవి అందులో రాయాలని, ఆ రాతను బయటపెట్టాలని ఆయన పట్టుబట్టాడు. సర్జన్లకు పదోన్నతి సీనియారిటీని బట్టి కాదు, ఆ ఫలితాన్ని బట్టి ఇవ్వాలన్నాడు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వినలేదు. 1914లో రాజీనామా చేశాడు. సొంతంగా పెట్టుకున్న చిన్న ఆసుపత్రిలో 1911 నుంచి 1916 దాకా 337 మంది రోగుల లెక్క రాసి, వాళ్ల చికిత్సలో 123 పొరపాట్లు జరిగాయని తానే అచ్చువేసి ప్రకటించాడు. తన తప్పులను తానే అంకెల్లో పెట్టిన సర్జన్‌ను తోటి వైద్యులు వెలివేసినట్టే చూశారు. 1940లో చనిపోయాడు. ఆయన సమాధి మీద పేరు చెక్కిన రాయి 2014 దాకా లేదు.

కాడ్‌మన్ కార్డు ఇవాళ సెల్‌ఫోన్‌లో ఇమిడిపోతుంది. ఆర్థ్రోస్కోపీ చేసే మన నగరాల ఆసుపత్రులు ప్రారంభోత్సవాల ఫోటోలు, యంత్రాల ధరలు పత్రికలకు పంపుతాయి. తుంటి సున్నానికి ఇప్పటిదాకా ఎందరికి ఆపరేషన్ చేశారు, ఏడాదికి ఎందరు నొప్పి లేకుండా నడుస్తున్నారు, ఎందరికి మళ్లీ చేయాల్సి వచ్చింది అన్న మూడు అంకెలు కూడా పంపాలి. ప్రభుత్వాలకు ఇది కొత్త పని కాదు. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు తర్వాతి ఏడాదిపాటు పరీక్షలు, మందులు ఇచ్చే ఫాలోఅప్ ఏర్పాటు ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది. రోగిని ఏడాది పాటు వెన్నంటి చూడగల వ్యవస్థ ఉన్నప్పుడు, ఆ చూపును కీహోల్ ఆపరేషన్ల మీదికి కూడా మళ్లించవచ్చు. బీమా కంపెనీలు కూడా ఆపరేషన్ బిల్లుకు ఇచ్చే గౌరవం పన్నెండు వారాల ఫిజియోథెరపీ బిల్లుకు ఇవ్వాలి. కత్తికి డబ్బు వచ్చి, ఓపికకు రానప్పుడు రోగి ఎటు నెట్టబడతాడో చెప్పనక్కర్లేదు.

ఎవరికి ఆపరేషన్ అవసరమో చెప్పడం మరీ కష్టమేమీ కాదు. నొప్పి ఆ మచ్చ నుంచే వస్తోందని తేలాలి. అక్కడ తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తే నొప్పి కాసేపైనా ఆగడం దానికి ఒక గుర్తు. సరైన వ్యాయామం, మాత్రలు, సూది లేదా షాక్‌వేవ్ మూడు నుంచి ఆరు నెలలు నిజాయితీగా ప్రయత్నించి ఉండాలి. సున్నం ఇంకా సుద్దలా గట్టిగా, అంచులు స్పష్టంగా కనిపిస్తూ ఉండాలి. అలాంటి మనిషిని ఇంకా ఓర్చుకో అనడం కూడా అన్యాయమే. ఆ మనిషికి కీహోల్ ఆపరేషన్ ఆలస్యం చేయకుండా, తుంటిలో చేయితిరిగిన సర్జన్ చేతుల మీదుగా జరగాలి. మోకాలి ఆర్థ్రోస్కోపీ బాగా చేసే ప్రతివారూ తుంటిది బాగా చేస్తారని అనుకోకూడదు. ఏడాదికి తుంటివి ఎన్ని చేస్తారని అడగడం డాక్టరును అవమానించడం కాదు. మంచి సర్జన్ ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు.

మీ ఇంట్లో ఎవరికైనా తుంటి సున్నానికి ఆపరేషన్ తేదీ ఖాయమై ఉంటే ఒక్క పని చేయండి. మచ్చ కనిపించిన ఆ పాత ఎక్స్‌రే తేదీ చూడండి. అది తీసి వారాలు, నెలలు గడిచి ఉంటే, థియేటర్‌లోకి వెళ్లేలోగా అదే తుంటికి మరో ఎక్స్‌రే తీయమని అడగండి. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూపించమనండి. అంచులు మసకబారి మచ్చ చిన్నదైతే ఆపరేషన్ వాయిదా వేయవచ్చేమో అడగండి. చాలామందిలో అది తనంతట తానే పోతుంది.